సంతకం ఎవరిది, శిక్ష ఎవరికి?
— వి.వి. గిరి అంచనాలో ఇంటి చూపు, బయటి చూపు

రాజకీయ నాయకుల జీవిత చరిత్రలను మన సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. కథనూ కవిత్వాన్నీ వర్గ దృష్టితో పరిశీలించే మనమే, జీవిత చరిత్ర చేతికి రాగానే సన్మాన సంచికలాగా చదివి పక్కన పెడతాం. ఇది పొరపాటని నా అభిప్రాయం. పాలకుణ్ణి అంచనా కట్టేటప్పుడు రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది కూడా సాహిత్య సమస్యే. వరాహగిరి వెంకటగిరి ఉదాహరణతో ఈ సంగతి చర్చిస్తాను.

గిరిగారి గురించి మన పాఠాల్లోనూ వ్యాసాల్లోనూ కనిపించే పద్ధతి ఒక్కటే. 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, ఐరిష్ స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం పెట్టుకుని, 1916లో ఆ దేశం విడవవలసి వచ్చినవాడు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకూ, 1931లో రెండవ రౌండ్‌టేబుల్ సమావేశానికీ కార్మిక ప్రతినిధిగా వెళ్లినవాడు. ఆ తర్వాత రాష్ట్రపతి, 1975లో భారతరత్న. అంటే బయటి గౌరవంతో మొదలుపెట్టి, ఇంటి బిరుదుతో ముగిస్తారు. మధ్యలో 1969 నుంచి 1974 దాకా ఆయన పెట్టిన సంతకాల ఊసే వుండదు.

ఆ సంతకాలలో మొదటిది నిజంగా అభ్యుదయకరమైనదే. తాత్కాలిక రాష్ట్రపతిగా 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేశారు. మర్నాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి నిలిచారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తర్వాతనే ఓడించగలిగారు. కమ్యూనిస్టు పార్టీలు రెండూ ఆయనను బలపరిచాయి. అంచేత ఆయన పాలనా కాలాన్ని విమర్శించేటప్పుడు అభ్యుదయ శిబిరం తన వాటాను మరచిపోకూడదు.

తర్వాతి సంతకాలు వేరు. 1971లో మీసా చట్టం వచ్చింది. అదే ఏడు డిసెంబరు 3న, బంగ్లాదేశ్ యుద్ధ సందర్భంలో, అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బయటి నుంచి చూసినవారికి ఆ ఏడు విజయ సంవత్సరం. యుద్ధం పదిహేను రోజుల లోపే ముగిసింది. అత్యవసర పరిస్థితి మాత్రం 1977 మార్చి దాకా ముగియలేదు. 1973లో వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్‌లను మీసా కింద నిర్బంధించినప్పుడు ఆ చట్టం తెలుగు రచయిత గుమ్మం దాకా వచ్చింది.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది కార్మికులున్న సంస్థ అది. యుద్ధం పేరిట అమలులో వున్న భారత రక్షణ నిబంధనలనే ప్రభుత్వం సమ్మె మీద ప్రయోగించింది. వేలాది మందిని జైళ్లలో పెట్టారు; కుటుంబాలను రైల్వే క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. సమ్మె పదకొండవ రోజున, మే 18న, పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. ప్రపంచమంతా రాజస్థాన్ ఎడారి వైపు చూసింది. మే 27న సమ్మె ముగిసింది. జులైలో కరువు భత్యం పెరుగుదలలో సగాన్నీ, జీతాల పెరుగుదల మొత్తాన్నీ నిర్బంధ డిపాజిట్ చేసే ఆర్డినెన్సు వచ్చింది. అప్పటికి రాష్ట్రపతి ఎవరు? అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1920ల చివర బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపినవారు.

రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు కట్టుబడినవాడు కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. వాదనలో బలం వుంది. ఆ నిర్ణయాల ప్రధాన బాధ్యత మంత్రివర్గానిదే. కానీ రాజీనామా అనే మాట గిరిగారికి తెలియనిది కాదు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని వదులుకున్నది ఆయనే. 1954 నాటి మనిషి 1974లో ఏమయ్యాడు? మంచివాడు చెడ్డవాడయ్యాడని చెబితే అది నీతికథ అవుతుంది గాని విమర్శ కాదు. కార్మికోద్యమం నుంచి వచ్చిన వ్యక్తిని రాజ్యం తన అవసరానికి ఎలా మలచుకుంటుందో చూపడమే జీవిత చరిత్రకారుని పని.

అయితే ఇంటి చూపు సత్యం, బయటి చూపు భ్రమ అని తేల్చడం కూడా తొందరపాటే. ‘మన తెలుగువాడు’ అనే పొగడ్త పుట్టింది ఇంట్లోనే. బయటి చూపు రెండు రకాలు: అతిథి చూపు, కార్మికవర్గ అంతర్జాతీయ చూపు. అతిథికి విందు, వందనం కనిపిస్తాయి. రెండవ చూపుకు కొలబద్ద వుంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛపై జెనీవా సంస్థ 1948లో చేసిన 87వ ఒడంబడికను భారతదేశం ఇంతవరకు ఆమోదించలేదు. గిరిగారు కార్మిక ప్రతినిధిగా వెళ్లిన సంస్థ ప్రమాణంతోనే 1974 మే నెలను కొలిస్తే, ఇంటి నుంచి చూసినా బయటి నుంచి చూసినా ఒకే తీర్పు వస్తుంది.

ఈ విషయం నాకు పుస్తకాల ద్వారా మాత్రమే అర్థమైంది కాదు. మాది వేములఘాట్. 2016 నుంచి మా ఊరివాళ్లు వందల రోజులు రిలే దీక్షలు చేశారు. ఇవాళ ఊరు మల్లన్నసాగర్ నీళ్ల కింద వుంది. 50 టీఎంసీల జలాశయాన్ని కట్ట మీద నుంచి చూసినవారు మెచ్చుకుంటారు. ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట పొలం తడుపుతాయన్నదీ నిజమే. కానీ నా కళ్లు మాత్రం ఆ నీళ్లలో మా బడి ఎక్కడుండేదో వెతుకుతాయి. చూపులు రెండూ వున్నాయి. చరిత్రలోకి ఎక్కేది మాత్రం ఎక్కువసార్లు మొదటిదే.

కనుక రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. నాయకుని జీవితం రాసేటప్పుడు ఆయన పర్యటించిన దేశాల జాబితా ఇవ్వండి, తప్పులేదు. దాని పక్కనే ఆయన సంతకం చేసిన కాగితాల జాబితా కూడా ఇవ్వండి. ఆ కాగితం చివరకు ఏ ఇంటికి చేరిందో వెతకండి. 1974 మేలో క్వార్టరు ఖాళీ చేసి, సామాను రోడ్డు మీద పెట్టుకున్న రైల్వే కార్మికుని భార్య ఆ జీవిత చరిత్రలో ఒక పాత్ర. ఆమె లేకుండా రాసిన గిరి చరిత్ర, ఎంత గౌరవంగా రాసినా, అసంపూర్ణమే.