ఇనుములో ఆఖరి ఎలక్ట్రాన్

ఇంటర్ చదివే మా పక్క ఫ్లాటు అమ్మాయి కెమిస్ట్రీ మెటీరియల్ పట్టుకుని వచ్చింది. "తాతగారూ, ఇనుములో 26వ ఎలక్ట్రాన్‌కి నాలుగు క్వాంటం సంఖ్యలూ రాయమన్నారు. మూడోది, అయస్కాంత సంఖ్య, మా సార్ మైనస్ రెండన్నారు, ఇందులో ప్లస్ రెండుంది. ఏది రాస్తే మార్కు పడుతుంది?"

బిట్ పేపర్ల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. ఈ బిట్టుకు మరీ ఒళ్లు మండింది. మోయిలర్ చిత్రం ప్రకారం 4ఎస్ నిండాక 3డిలో ఆరు ఎలక్ట్రాన్లు. మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా ఉన్న ఐదు గదుల్లో ఒక్కోటి చేరాక ఆరోది మొదటి గదిలో జతకడుతుంది. ఏ చివర్నించి మొదలుపెట్టాలన్నది మన ఇష్టం. అసలు ఎలక్ట్రాన్లకు వరస నంబర్లే లేవు, ఇది ఫలానాదని ఒకదాన్ని వేరుచేసి చూపలేం. పైగా ఇనుము అయానుగా మారేటప్పుడు ముందు పోయేది ఈ 'ఆఖరిది' కాదు, 4ఎస్ జంట.

అలాగని ఈ క్వాంటం సంఖ్యలు ఎవరో కూర్చుని కల్పించినవి కావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వర్ణపట పరిశోధనకు పునాది వేసిన ఆచార్య రంగధామరావు గారు (1898–1972) వాటిని వర్ణపటాల ఫొటోలు తీసిన గాజు ప్లేట్ల మీంచి ఏరినవారు. విజయనగరం మహారాజా కాలేజీలో ఎ.ఎల్. నారాయణ్ గారి దగ్గర మొదలుపెట్టి, లండన్‌లో ఫౌలర్ దగ్గర పనిచేశారు. జెర్మేనియం, ఆర్సెనిక్, సెలీనియం వర్ణపటాలు ఆయన సొత్తు. ఆ పని ఎంత ఓపికదో చూడండి. ప్లేటు మీద వందల గీతలుంటాయి. ఒక్కోదాని తరంగదైర్ఘ్యం కొలవాలి, తరంగసంఖ్యగా మార్చాలి, జతలు జతలుగా తీసివేతలు చెయ్యాలి. ఒకే తేడా మళ్లీ మళ్లీ తగిలితే అక్కడ రెండు శక్తిస్థాయిలు దొరికినట్టు. ఆ తర్వాతే ఏ స్థాయికి ఏ క్వాంటం సంఖ్య అన్న లెక్క. సోడియం దీపపు పసుపు గీత నిజానికి 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలు. ఇలాంటి జంటల చిక్కు విప్పడానికే 1925లో ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉందన్నారు ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్. పౌలీ వర్జన నియమమూ ఆ ఏడాదిదే. ఇవాళ ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో నమూనా మీద స్పార్కు కొట్టి మాంగనీసు ఎంత, క్రోమియం ఎంత అని చెప్పేస్తున్నారంటే ఆ గీతల చలవే.

ఆ బిట్టు తీసెయ్యమని రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ గదులే మళ్లీ నింపి చూస్తే అలా రాయబుద్ధి కావడం లేదు. ప్లస్ రెండు నుంచి మొదలుపెడితే ఒక్కో గదిలో ఒక్కోటిగా ఐదింటి అయస్కాంత సంఖ్యల మొత్తం సున్నా. ఆరోదాంతో 2. జత లేని ఎలక్ట్రాన్లు నాలుగు, తలా అర స్పిన్, మొత్తం 2. 3డి సగానికి మించి నిండింది కాబట్టి, హుండ్ నియమం ప్రకారం రెండూ కలిపితే 4. ఇనుము పరమాణువు అట్టడుగు స్థాయికి వర్ణపట శాస్త్రజ్ఞులు తేల్చిన సంఖ్యలు సరిగ్గా ఇవే: 2, 2, 4. అమ్మాయి వాళ్ల సార్ చెప్పినట్టు మైనస్ చివర్నించి నింపినా మొదటి మొత్తం మైనస్ 2 వస్తుంది, పరిమాణం అదే. విడిగా ఏ ఎలక్ట్రాన్‌దో చెప్పలేకపోయినా, మొత్తం మాత్రం ప్రకృతిలో ఉన్నదే.

కాబట్టి మాస్టార్లకు నా మనవి: గదులు నింపించండి, ఇంకా ఎక్కువగా, చేత్తోనే. రెండు చివర్లకూ మార్కు వెయ్యండి. కింద 'మొత్తం కట్టుము' అని ఒక్క వాక్యం చేర్చండి. కోబాల్ట్‌కు 3, ఒకటిన్నర, నాలుగున్నర రావాలి. నికెల్‌కు 3, 1, 4. క్రోమియం మాత్రం ఆఖర్న ఇవ్వండి. అక్కడ 4ఎస్‌లో ఒక్కటే మిగిలి మోయిలర్ వరస తప్పుతుంది. ఎందుకని పిల్లల్నే వాదించుకోనివ్వండి.