ఆకలే సాక్షి

మన ఇళ్ళలో "షుగర్ డౌనయింది" అన్న మాటకు ఎదురు లేదు. ఉపవాసమున్న అత్తగారికి కళ్ళు తిరిగినా, టిఫిను మానేసి ఆఫీసుకు పరిగెత్తిన కుర్రాడికి చేతులు వణికినా, పెళ్ళిపందిట్లో ఎవరైనా చెమటలు పట్టి కూలబడినా అదే తీర్పు. వెంటనే గ్లాసులో గ్లూకోజు పొడి కలుపుతారు. తాగిన పది నిమిషాలకు మనిషి తేరుకుంటే తీర్పు ఖరారయిపోతుంది. ఆ మనిషికి షుగరు జబ్బే లేదన్న సంగతి ఎవరికీ అడ్డు రాదు. రక్తంలో చక్కెర పడిపోతే చెమట, గుండెదడ, వణుకు, కంగారు, విపరీతమైన ఆకలి వస్తాయన్నది నిజమే. కానీ భయం వేసినా, థైరాయిడ్ ఎక్కువైనా, కాఫీలు మితిమీరినా వీటిలో చాలావరకు వస్తాయి.

ఈ చిక్కు విప్పడానికి వైద్యులు తయారుచేసుకున్న సాధనం యంత్రమూ కాదు, మందూ కాదు. మూడు షరతులు, వాటి మీద కట్టిన ఒక ఉపవాసం, అంతే. వైద్యంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత అనుమానంగా చేసిన పని నాకు మరొకటి కనబడలేదు.

ఇన్సులిన్ 1921-22లో టొరంటోలో చేతికొచ్చింది. మోతాదు ఎక్కువైన రోగులు చెమటలు కక్కుతూ, తికమకపడుతూ స్పృహ తప్పడం అప్పుడే వైద్యులు కళ్ళారా చూశారు. ఇన్సులిన్ సూది మొహమే ఎరగని వాళ్ళలోనూ ఇదే అవస్థ ఉందని అలబామా వైద్యుడు సీల్ హారిస్ 1924లో రాశాడు. 1927లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి రసెల్ వైల్డర్ బృందం ఒక రోగి కథ ప్రచురించింది. ఆ రోగి స్వయానా సర్జను. కడుపు తెరిచి చూస్తే క్లోమంలో కణితి ఉంది, అప్పటికే కాలేయానికి పాకింది. ఆయన పోయాక ఆ గడ్డల నుంచి తీసిన సారాన్ని జంతువులకు ఎక్కిస్తే, ఇన్సులిన్ ఎక్కించినట్టే చక్కెర పడిపోయింది. 1929లో టొరంటోలో రాస్కో గ్రాహం ఇలాంటి కణితిని తీసేసి రోగిని బాగుచేశాడు. అసలు ప్రమాదం ఇక్కడ మొదలైంది. కత్తితో నయమయ్యే జబ్బు ఒకటి దొరికిందంటే, నీరసమన్న ప్రతివాడి కడుపూ కోయవలసిందిగానే కనిపిస్తుంది.

దానికి అడ్డుకట్ట వేసినవాడూ ఒక సర్జనే. న్యూయార్కులోని కొలంబియా-ప్రెస్బిటేరియన్‌లో పనిచేసిన ఆలెన్ విప్పుల్, పెథాలజిస్టు వర్జీనియా ఫ్రాంట్జ్‌తో కలిసి 1935లో ఈ కణితుల మీద రాశాడు. క్లోమం తలభాగాన్ని తీసే పెద్ద ఆపరేషనుకు ఈయన పేరే ఉంది. వైద్య విద్యార్థులు ఆయన్ని కత్తితోనే గుర్తుపెట్టుకుంటారు. నన్నడిగితే ఆయన గొప్ప పని కత్తి పట్టకముందు చూసుకోవలసిన మూడు షరతులు. తిండి లేనప్పుడు లక్షణాలు రావాలి. అవి వచ్చిన సమయంలోనే తీసిన రక్తంలో చక్కెర తక్కువుండాలి. చక్కెర అందించగానే లక్షణాలు పోవాలి. ఆయన పెట్టిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. ఇప్పుడు మధుమేహం లేనివాళ్ళకు 55 అంటున్నారు.

పనితనం ఎక్కడుందంటే, ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మకపోవడంలో. లక్షణాల సంగతి పైనే అనుకున్నాం. గ్లూకోజు తాగి తేరుకోవడం ఇంకా బలహీనమైన రుజువు. కళ్ళు తిరిగిన మనిషిని కూర్చోబెట్టి, విసిరి, చల్లటి నీళ్ళిచ్చినా తేరుకుంటాడు. పోనీ అంకెనైనా నమ్ముదామా? ఇంట్లో వాడే గ్లూకోమీటరు 100కు తక్కువ అంకెల్లో 15 అటూ ఇటూ చూపినా అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పాసైనట్టే. అది 55 అంటే అసలు 70 కావచ్చు, 40 కావచ్చు. ల్యాబు అంకె కూడా ఒంటరిగా చాలదు. సన్నగా ఆరోగ్యంగా ఉన్న కొందరు యువతులు ఎక్కువసేపు ఉపవాసముంటే 50కి దిగువకు పోయి కూడా మామూలుగానే తిరుగుతుంటారు. ఇలా ఒక్కొక్కటిగా నిలబడలేని మూడు సాక్ష్యాలను ఒకే ఘడియలో కలిపి చూడమన్నాడు విప్పుల్.

లక్షణాల్లోనూ రెండు జాతులున్నాయి. ఆరోగ్యవంతుడిలో చక్కెర 80 దగ్గరికి రాగానే ఇన్సులిన్ తగ్గిపోతుంది. 70కి కాస్త దిగువన చక్కెరను పెంచే హార్మోన్లు గ్లూకగాన్, అడ్రినలిన్ లేస్తాయి. వణుకు, దడ ఈ అడ్రినలిన్ పనే. అవి హెచ్చరికలు. మెదడుకు తిండి అందకపోతే వచ్చేవి వేరు: మాట తడబాటు, చూపు మసక, ఎవరో ఆవహించినట్టు ప్రవర్తించడం, ఫిట్స్. వైద్యుడు వీటికి ఎక్కువ విలువిస్తాడు. రోగికి ఆ సమయం తరచు గుర్తుండదు కాబట్టి పక్కనున్న భార్యో భర్తో చెప్పేదే పనికొస్తుంది. ఇలాంటివాళ్ళు మూర్ఛ మందుల మీదో, మానసిక వైద్యుడి దగ్గరో ఏళ్ళు గడిపిన సందర్భాలున్నాయి.

ఎపిసోడ్ వచ్చిన సమయానికి ఆసుపత్రిలో ఉండడం ఎవరి తరం? అందుకే దాన్ని రప్పిస్తారు, 72 గంటల ఉపవాసంతో. ఇది ఇంట్లో చేసుకునేది కాదు. పక్కన నర్సు, చేతికి సూది ఉండాలి. చివరి ముద్ద తిన్న సమయం రాసుకుంటారు. మంచినీళ్ళు, చక్కెర లేని పానీయాలు తాగవచ్చు. పగలు పడుకోనివ్వరు, నడిపిస్తారు. ఆరేసి గంటలకు రక్తం తీస్తారు. చక్కెర 60కి దిగితే గంటకో రెండు గంటలకో తీస్తారు. ఆ రక్తం బూడిదరంగు మూత గొట్టంలోకి పోతుంది. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. లేకపోతే గొట్టంలోని రక్తకణాలే చక్కెరను తినేసి దొంగ అంకె చూపిస్తాయి. మధ్యమధ్యలో 100లోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటారు. 93, 86 దాకా చకచకా చెప్పిన మనిషి కాసేపటికి 79 దగ్గర ఆగి గోడవైపు చూస్తే, మెదడు ఆకలిగొన్నదని అనుమానిస్తారు.

అప్పుడు తీసిన రక్తంలో ఇన్సులిన్ చూస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. చక్కెర 55 కన్నా తక్కువున్నప్పుడు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 3 మైక్రోయూనిట్లో అంతకు మించో ఉంటే తప్పే. కానీ ల్యాబు కాగితం మీద 5 అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు, నార్మల్ అనే ఉంటుంది. ఆ వేళలో నార్మల్‌గా ఉండడమే జబ్బు.

తర్వాత సి-పెప్టైడ్. క్లోమం ఇన్సులిన్ను వదిలినప్పుడల్లా దాంతోపాటు సమానంగా వదిలే ముక్క అది. సూదిమందులో ఉండదు. ఇన్సులిన్ ఎక్కువై సి-పెప్టైడ్ తక్కువుంటే, మందు బయటి నుంచి వచ్చిందన్నమాట. ఇంకో దారీ ఉంది. తాతగారు షుగరుకు వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర పొరపాటున బీపీ మాత్రగా ఇంకొకరు మింగితే రెండూ పెరుగుతాయి, అచ్చం కణితి ఉన్నట్టే. అందుకే అదే రక్తంలో షుగరు మాత్రల కోసం కూడా వెతుకుతారు. ఈ ఒక్క పరీక్ష మరిచిపోతే ఉత్త పుణ్యానికి కడుపు కోయవలసి వస్తుంది.

ఉపవాసం విరమించే ముందు 1 మిల్లీగ్రాము గ్లూకగాన్ నరంలోకి ఇచ్చి, 10, 20, 30 నిమిషాలకు చక్కెర చూస్తారు. కాలేయం మన చక్కెర గాదె, గ్లూకగాన్ దాని తలుపు తీయించేది. తిండి లేక ఇన్ని గంటలు గడిచాక ఆ గాదె ఖాళీ కావాలి. గ్లూకగాన్ ఇవ్వగానే చక్కెర 25 లేదా అంతకుపైగా ఎగసిందంటే గింజలు లోపలే ఉన్నాయి, ఎవరో తలుపు తీయనివ్వలేదు. ఆ ఎవరో ఇన్సులిన్.

అంత శ్రమపడ్డా కణితి దొరికేది బహు కొద్దిమందికి. ఏడాదికి పది లక్షల్లో ఒకరి నుంచి నలుగురికి మించదు. అది ఉన్నవాళ్ళలో చాలామంది 48 గంటల్లోపే పట్టుబడతారు. లేనివాళ్ళు మూడు రోజులూ నిబ్బరంగా గడిపేసి భోజనానికి లేస్తారు.

అయితే తిన్న రెండు మూడు గంటలకు వచ్చే అవస్థకు ఈ ఉపవాసం పనికిరాదు. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో కొందరికి అలా వస్తుంది. ఒకప్పుడు దీనికి గ్లూకోజు తాగించి గంటల తరబడి రక్తం తీసేవారు; ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ అంకె పడిపోతుండడంతో అది అపకీర్తి పాలైంది. ఇప్పుడు ఏ తిండి తర్వాత ఇబ్బందో దాదాపు ఆ తిండే పెడతారు. ఇడ్లీ సాంబారు తర్వాతనంటే ఇడ్లీ సాంబారే. తిన్నాక అరగంటకోసారి, అయిదు గంటలపాటు, అదే బూడిదరంగు మూత గొట్టంలోకి రక్తం తీస్తారు.