ఆదివారం ఎవరిది?

ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు కొంగుకి తుడుచుకుని కూర్చున్నానో లేదో, మా అన్నయ్య కూతురు కంప్యూటరు తెచ్చి ముందు పెట్టింది. "అత్తా, మాటల్లేని జర్మన్ సినిమా. నువ్వు చూడాలె" అంది. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ చెవిన పడే మా జుక్కల్‌లో, ఏ భాషా అక్కర్లేని సినిమా అంటే సరదా వేసింది.

పేరు 'మెన్షెన్ ఆమ్ జోన్‌టాగ్'. ఆదివారం నాటి మనుషులు అనుకోండి. 1930 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో విడుదలైంది. మన 'భక్త ప్రహ్లాద' మాట్లాడ్డానికి ఇంకా రెండేళ్ళుంది! రాబర్ట్ సియోడ్‌మాక్, ఎడ్గార్ ఉల్మర్ తీశారు. రాసిన కుర్రాడు బిల్లీ వైల్డర్. 1959లో 'సమ్ లైక్ ఇట్ హాట్'తో లోకాన్ని నవ్వించింది ఈయనే. తెరమీద టాక్సీ డ్రైవరూ, గ్రామఫోను రికార్డులమ్మే పిల్లా వగైరా అయిదుగురు, తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు.

కథ నాలుగు ముక్కలు. వోల్ఫ్‌గాంగ్ అనే సరదారాయుడు శనివారం వీధిలో క్రిస్టల్‌ని పలకరించి, మర్నాడు సరస్సు దగ్గరికి రమ్మంటాడు. ఆమె స్నేహితురాలు బ్రిగిటెని వెంటబెట్టుకొస్తుంది. అతను ముద్దుకొస్తే క్రిస్టల్ విదిలించుకుంటుంది. అంతే, అయ్యగారు బ్రిగిటె వైపు తిరిగారు! సాయంత్రం ఆ పిల్ల వచ్చే ఆదివారం మీద ఆశ పెట్టుకుంటుంది. అతనికేమో స్నేహితుడితో ఫుట్‌బాల్ ముఖ్యం.

ఆ స్నేహితుడే టాక్సీ డ్రైవరు ఎర్విన్. అతని ఇంట్లో ఆనీ. టోపీ అంచు పైకా కిందికా అని శనివారం రాత్రి ఇద్దరూ పోట్లాడుకుని, ఒకరికిష్టమైన సినిమా తారల బొమ్మలు ఇంకొకరు చింపేసుకుంటారు. మర్నాడు అతను షికారుకెళ్తాడు; ఆమె సాయంత్రందాకా నిద్రపోతుంది. అక్కడ మా పిల్ల పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా వైపు పత్తి తీసే ఆడవాళ్ళకి వాన పడితేనే సెలవు. ఆ పూటా పొయ్యి మానదు. పగలంతా పడుకున్న ఆనీని చూస్తే, నిజం చెప్పొద్దూ, అసూయ కలిగింది.

సినిమా ఆమెని బద్ధకస్తురాలిగా చూపి వదిలేసింది. ఎందుకంత అలిసిపోయిందో ఒక్కసారైనా అడగలేదు. మగవాడి చపలత్వం సరదా, ఆడదాని నిద్ర హాస్యమూనా? ఈ చిత్రానికి అదొక్కటే లోటు.

కానీ ఒడ్డున ఫొటోగ్రాఫరు ముందు మామూలు జనం నవ్వుతూ నిలబడ్డ దృశ్యం ఉంది చూశారూ, మరిచిపోలేం. ఒక్కొక్క ముఖం క్షణంపాటు బొమ్మలా ఆగిపోతుంది. మూడేళ్ళకే, 1933లో, హిట్లరు గద్దెనెక్కాడు. వైల్డర్, సియోడ్‌మాక్ దేశం విడిచారు. ఆ నవ్వులు ఏమయ్యాయో! అది తలుచుకుంటే ఈ చిన్న సరదా కథ బరువెక్కుతుంది.

చివర నలభై లక్షలమంది వచ్చే ఆదివారం కోసం ఎదురుచూస్తుంటారు. "గింతేనా అత్తా, ఏం కాలేదు గద!" అంది మా పిల్ల.

"అయింది. ఒకామె నిద్రపోయింది" అన్నాను.

అది కాసేపు నా మొహంలోకి చూసి, లేచి వెళ్ళి టీ పెట్టింది.