వికలాంగ శిశువులు, కుటుంబాలు: ఒక గ్రంథ విమర్శ

వికలాంగ శిశువును పెంచే తలిదండ్రులకు వైద్యుడు చెప్పే మాటలలో చాలా భాగం ఆసుపత్రి వాకిలి దాటగానే అక్కరకు రాకుండా పోతుంది. వ్రాసి ఇచ్చిన పరికరం ఊరిలో దొరకదు; నేర్పిన వ్యాయామం పొలం పనుల నడుమ సాగదు. ఈ లోటును తీర్చబూనిన గ్రంథం ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’. 1987లో వెలువడిన ఈ ఆంగ్ల గ్రంథానికి కర్త డేవిడ్ వెర్నర్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన జీవశాస్త్రం అభ్యసించినవాడు. వంశపారంపర్యమైన కండరాల క్షీణతవల్ల అంగవైకల్యం స్వయంగా ఎరిగినవాడు. పశ్చిమ మెక్సికోలోని అహోయా అనే పల్లెలో 1981లో మొదలైన ‘ప్రోహిమో’ కేంద్రపు అనుభవమే ఈ గ్రంథానికి పునాది. ఆ కేంద్రంలో పనిచేసినవారిలో చాలమంది వికలాంగులైన గ్రామస్థులే.

గ్రంథంలో మూడు భాగాలున్నవి. మొదటిది శిశువును, కుటుంబాన్ని గురించినది. రెండవది గ్రామ సమాజాన్ని గురించినది. మూడవది పరికరాల తయారీని గురించినది. చికిత్స అనేది వేరుగా జరిపే తంతు కాదనీ, బిడ్డ ఆటలోను, తిండిలోను, స్నానంలోను అది కలిసిపోవలెననీ గ్రంథకర్త సిద్ధాంతం. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. ‘సెరిబ్రల్ పాల్సీ’ అనే స్థితిలో మెదడుకు కలిగిన దెబ్బవల్ల కండరాలు బిగుసుకొని, కొందరు శిశువుల కాళ్లు కత్తెరవలె ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. అట్టి బిడ్డను కాళ్లు చెరొక ప్రక్కకు వచ్చేటట్లు చంకనెత్తుకొంటే, ఎత్తుకొన్నంతసేపూ తొడల లోపలి కండరాలు సాగుతూ ఉంటాయి. తెలుగు తల్లికి ఇది కొత్తగా నేర్పవలసిన పని కాదు. ఇట్టి విషయాలను బొమ్మలతో విశదపరచడంలో ఈ గ్రంథం సాటిలేనిది.

కాలం మారినందువల్ల వచ్చిన లోపం ఒకటున్నది. గ్రంథంలో పోలియోకు పెద్దపీట వేయబడినది. భారతదేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చిలో దేశం పోలియో రహితమని ధ్రువీకరించబడినది. ఇది గ్రంథకర్త తప్పు కాదు.

అసలు చిక్కు వేరొకటి. ప్రతి వ్యాయామమూ చిన్నదే. అన్నీ కలిస్తే తల్లి పగలంతా చాలదు. మ్రింగడం కష్టమైన బిడ్డకు ఒక పూట అన్నం తినిపించడానికే ఎంతో ఓపిక, సమయం కావాలి. ఈ భారాన్ని తోటి పిల్లలు, ఇరుగుపొరుగువారు పంచుకొంటారని గ్రంథకర్త ఆశ. పల్లెలో ఆ ఆశకు కొంత ఆధారం ఉన్నది. పట్టణంలో మేడమీది అద్దె గదిలో, భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇంట, అది నిలవదు.

కనుక రెండుచోట్లా అవసరం ఒకటి కాదు. పల్లె కుటుంబానికి నైపుణ్యం దగ్గరకు రావాలి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద శిశువుల లోపాలను గుర్తించే బృందాలు ఊళ్లకు వస్తవి; కాని తరువాతి చికిత్సకు ఏర్పడిన కేంద్రాలు జిల్లా స్థాయివి. వెళ్లిన ప్రతిసారీ కూలివాని ఇంట ఒకనాటి కూలి పోతుంది. పట్టణ కుటుంబానికి నైపుణ్యం సమీపంలో ఉండవచ్చును. పనివేళల్లో బిడ్డను నమ్మి అప్పగించే చోటే కరవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యాహక్కును 6 నుండి 18 ఏండ్ల వరకు ఇచ్చినది. మెదడు వేగంగా ఎదిగే మొదటి ఆరేండ్లు ఆ హక్కుకు వెలుపలనే ఉన్నవి. వికలాంగ శిశువులను అంగన్‌వాడీలలో చేర్చుకొనే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ప్రకటించినది. అది మంచి అడుగే. ఐతే అక్కడి కార్యకర్తకు తగిన శిక్షణ, చేతిక్రింద మరొక మనిషి లేకుంటే, భారం ఒక స్త్రీ తలమీదినుండి మరొక స్త్రీ తలమీదికి మారడమే అవుతుంది.

ఈ గ్రంథాన్ని ఆరోగ్య కార్యకర్తలందరూ చదువవలెను. కాని దానిలోని వ్యాయామాన్ని ఒక ఇంటికి చెప్పబోయేముందు, అది ఏ వేళకు, ఎవరి చేతులమీదుగా జరుగుతుందో ఆ ఇంటివారిని అడిగి తెలుసుకోవడం అవసరం. ఆ ప్రశ్నకు జవాబు దొరకనిచోట కావలసినది మరొక వ్యాయామం కాదు, సాయానికి మరొక మనిషి.