స్వస్థలం, స్వస్థత: చోళమండల్ అనుభవం

మద్రాసు కళా ఉద్యమాన్ని గురించి వచ్చిన విమర్శలో అధికభాగం రేఖను గురించి, దేశీయతను గురించి, తాంత్రిక సంకేతాలను గురించి సాగింది. ఆ చిత్రాలు వేసినవారు ఏ పని చేసి పొట్ట పోసుకున్నారు, ఎవరి నేల మీద నిలబడి కుంచె పట్టారు అన్న ప్రశ్న జీవితచరిత్రకారులకు వదిలివేయబడింది. చోళమండల్ విషయంలో ఈ విభజన చెల్లదు. అక్కడి ఆర్థికమైన ఏర్పాటును తెలుసుకోకుండా అక్కడి కళను అంచనా కట్టడం సాధ్యం కాదు.

దేవీప్రసాద్ రాయ్ చౌధురి తరువాత 1957లో మద్రాసు ప్రభుత్వ చిత్ర, శిల్పకళా పాఠశాల బాధ్యతను స్వీకరించిన కె.సి.ఎస్. పణిక్కర్‌ను బాధించిన సమస్య సిద్ధాంతపరమైనది కాదు. పట్టా పుచ్చుకొని బయటికి వచ్చే ప్రతిభావంతుడైన విద్యార్థి ఎక్కడికి పోతాడు? డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికో, ప్రకటనల కంపెనీకో పోతాడు. చిత్రాలు కొనేవారు నగరంలో వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. ఆ కొద్దిమంది అభిరుచికి లొంగితే కళ చెడుతుంది; లొంగకపోతే కళాకారుడు చెడతాడు. దీనికి పణిక్కర్ కనిపెట్టిన మార్గం చాలా సామాన్యమైనది. కడుపు నింపే పని వేరు, మనసు నిండే పని వేరు. రెండూ ఒకే చేయి చెయ్యాలి. శిష్యులు, సహచరులు కలిసి కళాకారుల హస్తకళల సంఘాన్ని ఏర్పరచుకున్నారు. బాతిక్ వస్త్రాలు, తోలుపని, లోహపుపని చేసి అమ్మారు. ఆ రాబడిలో మిగిల్చిన సొమ్ముతో నగరానికి దక్షిణాన, ఇంజంబాక్కం వద్ద, సముద్రం ఒడ్డున సుమారు 10 ఎకరాల ఇసుకనేల కొన్నారు. 1966లో చోళమండల్ కళాగ్రామం వెలసింది. చిత్రకారులు, శిల్పులు సుమారు 30 మంది అందులో చేరారు.

బాతిక్ పేరు జావా దేశానిదే కాని, బట్టకు మైనం పూసి రంగు అంటకుండా కాపాడే విద్య ఈ తీరానికి కొత్తది కాదు. కోరమండల్ రేవుల నుండి పూర్వం విదేశాలకు ఎగుమతి అయిన అద్దకపు వస్త్రాలలో నీలిమందు వేసే ఘట్టంలో మైనమే ఆధారం. చోళమండలం అన్న మాటే యూరపు వర్తకుల నోట కోరమండల్ అయిందని చరిత్రకారుల మాట. ఆధునిక చిత్రకారులు తమ గ్రామానికి ఆ పేరు పెట్టుకొని, ఆ తీరపు పాతవిద్యకు దగ్గరి పనితోనే నేల సంపాదించుకోవడం కాకతాళీయమే కావచ్చు. గమనించదగినది మాత్రం అవును.

ఈ సహకార వ్యవస్థలో ఒక సూక్ష్మం ఉంది. ఇల్లు ఎవరిది వారిదే. ప్రదర్శనశాల, పనిశాల, ఆరుబయటి రంగస్థలం సంఘానివి. అమ్మకాలలో సంఘానికి వాటా చేరుతుంది. గ్రామ నిర్వహణ దానితో నడుస్తుంది. ఎవరి చిత్రం ఎలా ఉండాలన్నది మాత్రం సంఘం చర్చించే విషయం కాదు. నేలను పంచుకున్నారు గాని శైలిని పంచుకోలేదు. అందుకే చోళమండల్‌ను ఒక ‘స్కూలు’గా వర్ణించే వ్యాసాలు నాకు తృప్తినివ్వవు. జాతకచక్రాలను, చదవరాని లిపిని, గణితపు గీతలను కలగలిపిన పణిక్కర్ ‘పదాలు – సంకేతాలు’ చిత్రమాలకూ, నందగోపాల్ అతికి నిలిపిన లోహశిల్పాలకూ ఉన్న పోలిక పొరుగిళ్ళవారి పోలిక మాత్రమే.

అయితే పణిక్కర్ గీసిన గీత, పూటబత్తెపు పని ఇటు, కళ అటు అన్న గీత, నిలిచిందా? నిలవలేదనే నా అభిప్రాయం. నిలవకపోవడమే మేలైంది. ఎస్.జి. వాసుదేవ్ రాగిరేకు మీద ఉబ్బెత్తుగా తీర్చిన చెట్లను, నందగోపాల్ రాగిపై వేసిన వెండిపూతను చూడండి. సుత్తి, కొలిమి ఎరిగిన చేతులవి. అమ్మకానికి చేసిన పనిలో వేళ్ళు నేర్చుకున్నది కళలోకి రాకుండా ఎలా ఉంటుంది? ఆ తరువాత చిత్రాలకు గిరాకీ పెరిగిన కొద్దీ హస్తకళ వెనుకబడింది. ఆర్థికంగా అది విజయం. కళాపరంగా అది లాభమని ఘంటాపథంగా చెప్పలేను.

ఇక కె. రామానుజం సంగతి. చోళమండల్‌ను కీర్తించేవారు ఈ పేరు దగ్గర సాధారణంగా గొంతు తగ్గిస్తారు. మాట తడబడే మనిషి, మానసిక అస్వస్థత వెన్నాడిన మనిషి. పణిక్కర్ ఆయన ప్రతిభను గుర్తించి చేరదీశారు. ఆ ఇసుకనేల మీద రామానుజం సిరాతో, సన్నని కలంగీతలతో ఒక నగరాన్నే కట్టుకున్నారు. గోపురాలు, రెక్కల మృగాలు, అలంకృతలైన స్త్రీలు, వారి మధ్య టోపీ పెట్టుకొని రాజఠీవితో తానే. చిత్రంలో ఒక్క అంగుళమైనా ఖాళీ ఉండదు. ఖాళీని చూచి భయపడిన చేయి అది అనిపిస్తుంది. వాస్తవ జగత్తు ఆయనకు నిరాకరించిన గౌరవమంతా ఆ నగరంలో ఆయనకు దక్కింది. 1973లో ఆయన చోళమండల్‌లోనే ఆత్మహత్య చేసుకున్నారు.

స్వస్థత అంటే తనయందు తాను నిలిచి ఉండడం. సంఘం ఆయనకు స్వస్థలాన్ని ఇచ్చింది, స్వస్థతను ఇవ్వలేకపోయింది. దీనిని వైఫల్యమని కొట్టివేయడం అన్యాయం. ఆనాడు మన దేశంలో మానసిక వైద్యం అందుబాటులో ఉన్నది ఎందరికి? ఆ గ్రామమే లేకపోతే ఆ చిత్రాలు ఉండేవి కావని నా నమ్మకం. కాని కళాకారులను ఒకచోట చేర్చి, సొంత నేల, సొంత అంగడి ఏర్పరిస్తే మిగిలిన క్షేమమంతా దానంతట అదే సిద్ధిస్తుందన్న వాదాన్ని మాత్రం రామానుజం జీవితం ఒప్పుకోదు. సంఘపు నియమావళిలో అమ్మకాల వాటాకు ఉన్న చోటు, సభ్యునికి జబ్బు చేసిన దినానికి కూడా ఉండవలసింది.

మరొక లోటు స్త్రీలది. అర్నవాజ్ వంటి బలమైన చిత్రకారిణి ఉన్నా, ఆ తరంలో వారి సంఖ్య స్వల్పం. పురుషులు రాత్రింబవళ్ళు కళకు అంకితమైన ఊరిలో ఇంటి చాకిరీ ఎవరిదన్న ప్రశ్నను చోళమండల్ చరిత్రలు ముట్టుకోవు.

ఈనాడు ప్రభుత్వాలు కళాగ్రామాలు నిర్మిస్తున్నాయి. హైదరాబాదు శిల్పారామం వంటి చోట్ల కళాకారుడు కొంతకాలం వచ్చి, నాలుగు వస్తువులు అమ్ముకొని వెళ్ళే అతిథి. అతనికి నీడ ఉంది, గిరాకీ ఉంది. నిర్ణయంలో పాలు లేదు. చోళమండల్‌లో నిర్ణయం కళాకారులదే గనుక తప్పులూ వారివే. 1977లో పణిక్కర్ మరణించిన తరువాత కూడా గ్రామం చెదరకపోవడానికి కారణం ఇదే. 2009లో అక్కడ సమకాలీన కళాకేంద్రం తెరుచుకొని మద్రాసు ఉద్యమపు చిత్రాలకు శాశ్వత స్థానం ఏర్పడింది.

కాని వ్యవస్థాపకుల తరం దాదాపు వెళ్ళిపోయింది. నందగోపాల్ 2017లో కన్నుమూశారు. ఒకప్పుడు సర్వీ తోపులు, ఇసుక మాత్రమే ఉన్న ఆ తీరం ఈస్ట్ కోస్ట్ రోడ్డు వచ్చాక మహానగరంలో కలిసిపోయింది; నేల విలువ ఏ బాతిక్ అమ్మకాలూ అందుకోలేని ఎత్తుకు చేరింది. ఇల్లు వారసునికి సంక్రమిస్తుంది, కుంచె సంక్రమించదు. ఇసుక కొన్న రోజులలో ఎవరికీ తట్టని ఈ చిక్కును ఇక సంఘమే విప్పుకోవాలి.