గుడ్డ చాటు వెలుతురు

ఆరుద్ర కార్తె మొదటి వారం. రాత్రి పడ్డ వానకు మెత్తబడిన చెలక ఒడ్డు మీద, జగిత్యాల పొలిమేరలో, ఆరుద్ర పురుగు దొరికింది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకున్న పురుగే. బురదలో మోకాళ్లూని, కెమెరాకున్న ఫ్లాష్‌ను నేరుగా దాని మీదికి కొట్టి పది ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి తెర మీద పెద్దది చేసి చూస్తే మఖ్మలు లేదు, ఒక్క వెంట్రుక లేదు. ఎర్రటి మరక, నడుమ తెల్ల చుక్క. మా ఆవిడ వెనక నుంచి తొంగి చూసి, "టమాట ముక్క కోసం గింత దూరం పోయినవా? నేను కోసిచ్చేదాన్ని గద" అన్నది.

(పురుగు అని మనం అంటాం గానీ శాస్త్రం దాన్ని పురుగుల్లో కలపదు. ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం.)

తప్పు లెన్సుదే అనుకున్నాను. కెమెరా పట్టినవాళ్లకు మొదట తగిలే జబ్బు ఇదే. మాక్రో లెన్సు ధర అడిగితే మా ఇంటి రెండు నెలల ఖర్చు చెప్పారు. కోరుట్లలో స్టుడియో నడిపే దోస్తు దగ్గరికి పోయి నా గోడు చెప్పుకున్నాను. పెళ్లిళ్ల సీజను కాదు కాబట్టి ఓపిగ్గా విన్నాడు. విని, బీరువా అడుగు నుంచి ఒక పాత ఫిల్ము కెమెరా తీశాడు. వాళ్ల చిన్నాయన మస్కట్ నుంచి తెచ్చిందట. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు గల్ఫ్ పోయొచ్చిన ఇండ్లలో ఒక టేప్ రికార్డరు, ఒక మెత్తటి దుప్పటి ఉంటాయి, అదృష్టముంటే ఒక కెమెరా కూడా. ఆ కెమెరా ఎప్పుడో చచ్చిపోయింది. దాని 50 ఎం.ఎం. లెన్సు మాత్రం బతికుంది. "కొనకన్నా. దీన్ని తిరగేసి పెట్టు" అన్నాడు.

తిరగేయడం అంటే నిజంగా తిరగేయడమే. దూరాన ఉన్న పెద్ద దృశ్యాన్ని దగ్గరున్న చిన్న ఫిల్ము మీదికి కుదించడం లెన్సు పని. ముందువైపును కెమెరాకు బిగించి, వెనకవైపును పురుగుకు చూపిస్తే ఆ పనీ తిరగబడుతుంది. చిన్నది పెద్దదవుతుంది. దానికి కావలసింది కొద్ది రూపాయల రింగు ఒక్కటే. తిప్పిన 50 ఎం.ఎం. లెన్సు దాదాపు పురుగు ఎంతుంటే అంత బొమ్మను సెన్సరు మీద వేస్తుంది. 28 ఎం.ఎం. అయితే అంతకు రెట్టింపు పైనే. లెన్సు ఎంత వెడల్పు చూపించేదైతే తిప్పినప్పుడు అంత పెద్దది చేస్తుంది. పాత లెన్సుకు వెలుతురు దారిని మూసే, తెరిచే ఎపర్చర్ రింగు దాని ఒంటి మీదే ఉంటుంది కాబట్టి చేత్తో తిప్పుకోవచ్చు. కొత్త లెన్సుల్లో చాలావాటికి ఆ వసతి లేదు, అన్నీ కెమెరా చెబితేనే వింటాయి. ఇంకో దారి, లెన్సుకూ కెమెరాకూ నడుమ ఖాళీ గొట్టాలు బిగించడం. 50 ఎం.ఎం. లెన్సుకు 50 ఎం.ఎం. గొట్టం పెడితే అదే ఫలితం.

ఊరికే ఏదీ రాదు. బొమ్మ అసలు సైజుకు చేరేసరికి సెన్సరుకు అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎపర్చర్‌ను ఎఫ్ 11 దాకా మూసినా స్పష్టంగా కనిపించే లోతు ఒక మిల్లీమీటరు లోపే. చీమ కంటి మీద నిలిపితే మీసం కొస మసక. ఇంకా మూస్తే లోతు పెరుగుతుందనుకుంటాం, ఒక హద్దు దాటాక బొమ్మంతా మెత్తబడి ఉన్న పదునూ పోతుంది. పైగా తిప్పిన లెన్సుతో పురుగుకూ అద్దానికీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. లెన్సు నీడ పురుగు మీదే పడుతుంది. ఊపిరి బిగపట్టి, ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతూ ఫోకస్ వెతుక్కోవాలి. దూరం నుంచి చూసిన రైతు ఒకాయన నాకేదో పూనకం వచ్చిందనుకున్నాడు.

ఇంత చేసి మళ్లీ తీస్తే మళ్లీ టమాట ముక్కే. ఈసారి ఇంకా పెద్దది.

లెన్సు మీద కోపం అప్పుడు పోయింది. తప్పు వెలుతురుది. పెంకు పురుగు వీపు అద్దం లాంటిది. చుట్టూ ఏముంటే దాన్నే చూపిస్తుంది. వేలెడంత ఫ్లాష్ నుంచి వెలుతురు పడితే వీపు మీద వేలెడంత తెల్లమచ్చ, మిగతాదంతా చీకటి. దీపం పెద్దదా చిన్నదా అన్నది పురుగు వైపు నుంచి లెక్క. మధ్యాహ్నపు సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరాన ఉన్నాడు కాబట్టి పురుగుకు చిన్న దీపమే, నీడ కత్తిలా పడుతుంది. చేతిరుమాలంత తెల్ల గుడ్డను జానెడు దూరంలో పట్టి దాని వెనక నుంచి ఫ్లాష్ కొడితే పురుగుకు అది మబ్బు పట్టిన ఆకాశం. ఆరుద్ర పురుగుకు ఇంకో చిక్కుంది. దాని ఎరుపు ఎంత గాఢమంటే, కెమెరా మొత్తం మీద వెలుతురు సరిపోయిందని చెప్పినా ఎరుపు ఒక్కటి నిండి పొర్లుతుంది, అందులో వెంట్రుకలన్నీ మునిగిపోతాయి. వెలుతురును మెత్తబరచాలి, తగ్గించాలి, పక్క నుంచి రప్పించాలి.

ఏమేం పెట్టి చూడలేదు! తెల్ల కాగితం వానకు నానిపోయింది. పాల ప్యాకెట్టు మీది అచ్చు రంగులు పురుగు వీపు మీదికి ఎక్కాయి. థర్మోకోల్ గ్లాసు బాగానే పనిచేసింది గానీ మొదటి గాలికే ఎగిరి పక్కవాళ్ల మడిలో తేలింది. చివరికి వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను.

సిరిసిల్లలో మా బావకు సాంచెలున్నాయి. మరమగ్గాలు అని పత్రికల్లో రాస్తాం, అక్కడెవరూ అట్లా అనరు. షెడ్డులోకి పోతే మాట వినపడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. 2017లో మొదలై కొన్నేళ్లు బతుకమ్మ చీరలు నేసిన సాంచెలే ఇవి. వాటికి ముందూ తర్వాతా ఎక్కువగా తెల్ల గుడ్డ, లంగాల నూలు గుడ్డ, పాలిస్టరు. నా కథ విని బావ ఒక మూల నుంచి తునకలు తెచ్చి పోశాడు. "పురుగుకు పందిరేస్తున్నవా బావా? పెండ్లెప్పుడు?"

ఇంటికొచ్చి వారం రోజులు అదే పని. చలువ చేయని నూలు గుడ్డలోంచి వచ్చే వెలుతురులో పచ్చదనం ఉంది, అన్నీ సాయంత్రం తీసినట్టు వచ్చాయి. బాగా తెల్లగా మెరిసే గుడ్డ ఫోటోలో నీలం పోసింది, ఆ తెలుపు కోసం కలిపే మందు మహిమ. పల్చటి పాలిస్టరు ఒక్క పొర వేస్తే నడుమ ఫ్లాష్ గుండ్రంగా కనబడిపోతోంది. రెండు పొరలు, వాటి మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచితే గుడ్డంతా ఒక్క తీరుగా వెలిగింది. ఆ ఎడం కనిపెట్టడానికే నాలుగు రోజులు పట్టింది. ఒకదానికొకటి ఆనితే రెండు పొరలూ ఒక్క పొరతో సమానం. పాత ఎంబ్రాయిడరీ చట్రం, రెండు తునకలు, నాలుగు క్లిప్పులు. ఇంతకన్నా మంచి సరంజామా బజారులో ఉండొచ్చు, నాకు దీని మీద మోజు తీరలేదు.

బావ ఇంకోటి కూడా చేతిలో పెట్టాడు. అంగుళం గుడ్డలో ఎన్ని అడ్డపోగులు, అంటే పిక్కులు, పడ్డాయో లెక్కబెట్టే మడత అద్దం, పిక్ గ్లాస్. కూలి పిక్కుల లెక్కన కడతారు కాబట్టి అక్కడ దాని మాటకు విలువుంది. సెల్‌ఫోను కెమెరా ముందు దాన్ని ఆనించి చీమను చూడండి, మాక్రో లెన్సు కొనాలన్న కోరిక సగం తీరుతుంది.

ఈ అద్దానికీ గుడ్డకూ చుట్టరికం పాతదే. సూక్ష్మజీవులను మొదట చూసిన లీవెన్‌హాక్ హాలెండు దేశపు డెల్ఫ్ట్ పట్నంలో బట్టల వ్యాపారి. 1665లో లండన్‌లో రాబర్ట్ హుక్ అచ్చువేసిన ‘మైక్రోగ్రాఫియా’లో ఈగ కన్ను, పేను, చీమలతో పాటు సన్న నార గుడ్డ, పట్టు గుడ్డ బొమ్మలూ ఉన్నాయి. హుక్ పడ్డ తిప్పలు చదివితే నాకు మా తమ్ముడెవరో రాసినట్టుంటుంది. నీళ్లు నింపిన గాజు బుడ్డితో దీపపు వెలుతురును ఒక చోటికి చేర్చేవాడు. ఎండ మరీ కొడితే నూనె రాసిన కాగితం అడ్డం పెట్టేవాడు. నా పాలిస్టరుకు ముత్తాత ఆ కాగితం. ఈగ కన్ను ఒక వెలుతురులో చిల్లుల జల్లెడలా, ఎండలో బంగారు మేకులు కొట్టిన పలకలా, మరో వైపు నుంచి శంకువుల గుంపులా కనిపిస్తోందని, ఏది గుంతో ఏది బుడిపో తేల్చుకోవడమే కష్టమని రాశాడు. చీమ కదలకుండా కూచోదని దానికి మద్యం పట్టించాడు. గంట తర్వాత లేచి వెళ్లిపోయిందట.

ఆ పని నేనూ చేశాను, మద్యం బదులు ఫ్రిజ్. డబ్బాలో పెట్టిన మిడత కూరగాయల అరలో దొరికినప్పుడు ఇంట్లో జరిగింది రాయను. అప్పటి నుంచి మానేశాను. చల్లబడిన పురుగు కాళ్లు ముడిచిన తీరులోనే తెలిసిపోతుంది, పొద్దున మంచులో తానుగా ఆగిన పురుగు వేరు. లెవాన్ బిస్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియం పురుగులను ఒక్కోదాన్ని ఎనిమిది వేల ఫోటోలుగా తీసి, ఒక్కో భాగానికి వేరే వెలుతురు పెట్టి, అన్నీ కలిపి మనిషంత బొమ్మలు చేశాడు. 2016లో ప్రదర్శించాడు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ అవన్నీ ఏనాడో చచ్చిన పురుగులు. నావి ఎగిరిపోతాయి.

వెలుతురు తేడా వస్తే ఏమవుతుందో పొలంలో తెలిసింది. మా జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం వరికి పట్టే ఉల్లికోడు పురుగుతో ఏళ్ల తరబడి పోరాడి, దాన్ని తట్టుకునే జగిత్యాల సన్నాలు అనే వరి రకాన్ని ఇచ్చింది. ఇక్కడి రైతుకు పురుగంటే కబుర్లు చెప్పుకునే విషయం కాదు. ఒక వానాకాలం ఎరుకైన రైతు ఫోనులో ఫోటో పంపాడు. "దోమ పడ్డది సార్, రేపు మందు కొడుతున్న." దుబ్బు మొదట్లో, ఎండకు ఎదురుగా తీసిన బొమ్మ. అన్నీ నల్లటి గింజలు. నిజంగా సుడిదోమే అనుకోవచ్చు. తెల్లారి చట్రం పట్టుకుని పోయి, దుబ్బు విడదీసి, గుడ్డ చాటు నుంచి ఫ్లాష్ వేశాను. ఆకుపచ్చ ఒళ్లు, నల్ల తల. చాలామటుకు మిరిడ్ నల్లులు. సుడిదోమ గుడ్లు తిని బతికే పురుగు, రైతు పక్షం. మందు కొడితే ముందు చచ్చేది అదే. దోమ లేకపోలేదు, కొంచెం ఉంది. ఇంకో నాలుగు రోజులు చూద్దామనుకున్నాడు. ఆ మడికి మందు పడలేదు.

కోరుట్ల దగ్గర పసుపులో వేసిన మక్క ఆకు వెనక మరొకటి దొరికింది. లేత ఆకుపచ్చ ఒళ్లు, బంగారు కళ్లు, గాజు రెక్కలు. రెక్క పారదర్శకంగా ఉంటే ముందు నుంచి వేసిన వెలుతురు దండగ. గుడ్డను దాని వెనక్కి జరిపి, అటు నుంచి వేస్తే రెక్కలోని సన్న నరాలు జాలీలా తేలాయి. వ్యవసాయ పుస్తకాల్లో దాన్ని అల్లిక రెక్కల పురుగు అంటారు. ఆ ప్రింటు సిరిసిల్ల తీసుకుపోతే బావ మాట్లాడకుండా పిక్ గ్లాస్ తెచ్చి రెక్క మీద పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది నేసినోనికి పిక్కుకెంత ఇస్తరు?" అన్నాడు. ప్రింటు ఇప్పుడు షెడ్డులో, కరెంటు మీటరు పైన ఉంది.

ఆ పురుగు ఆకు మీద సన్నటి దారాల కొసన తెల్ల గుడ్లు పెడుతుంది. బూజు అనుకుని తుడిచేసేవాళ్లను చూశాను. వాటిలోంచి వచ్చే పిల్లలు పేనుబంకను తింటాయి. మీ చేలో కనిపిస్తే ముట్టుకోకండి.