మెడ నిలవని బిడ్డకు

నంది కొండల గాలీ! చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటల్లో తీపి తాగి, చింతామణి టమాటా మండీలో గోల విని, బాగేపల్లి దాకా వచ్చి చిత్రావతి ఇసుకల్లో సొమ్మసిల్లే గాలీ! కన్నడ సీమలో తెలుగు జోలలు మోసే నీకు ఈ చాప మీది పాప ఏడుపు వినపడలేదా? ఎలా వినపడుతుంది! అది గొంతు దాటి రాదే!

రెండు కాళ్ళూ పక్కలకు వాలి నేలకు అంటుకుపోయాయి. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోతుంది. ఊపిరి తీస్తే రొమ్ము లోపలికి పోయి పొట్ట ఉబుకుతుంది. నాలుగు గుక్కలు తాగేలోపే అలిసి చన్ను వదిలేస్తుంది. నోరు తెరిస్తే నాలుక మీద సన్నని అదురు, గాలి తగిలిన చెరువు నీటి పైపొరలా. కళ్ళు మాత్రం నిండు దీపాలు! అవ్వ గాజులు ఎటు మోగితే అటు తిరుగుతాయి. మనసంతా మెలకువే, మేనంతా మౌనమే.

ఆ వ్యాధి పేరు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ. అయిదో క్రోమోజోమ్ మీద ఎస్ఎంఎన్1 అనే జన్యువు చెడిపోతుంది. కదలికను నడిపించే వెన్నులోని నాడీకణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆజ్ఞ అందని కండరం కరిగిపోతుంది. ఆ జన్యువు జాడ 1995లోనే దొరికింది. అయినా మన వీధుల్లో ఇంకా తల్లి కడుపునే తప్పుపడతారు, గ్రహాలనే నిలదీస్తారు!

అమ్మా, నీ తప్పేమీ లేదు. లోపమున్న జన్యువు ఒకటి నీ నుంచి, మరొకటి బిడ్డ తండ్రి నుంచి వచ్చి కలిస్తే ఈ వ్యాధి. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. ఆడపిల్ల కంటికి దూరం కారాదని అక్క కూతుర్నే చేసుకునే మమకారాల సీమ మనది. ఆ మమకారంలోనే ఒకే లోపం రెండు వైపుల నుంచీ ఎదురుపడే అవకాశం పెరుగుతుంది. చుట్టరికం లేని జంటలకూ ఈ గండం తప్పదు.

మందు లేని నాటి ఏడుపు వేరు, మందుండీ అందని నేటి ఏడుపు వేరు. 2019లో అమెరికాలో వచ్చిన జన్యుచికిత్స ధర పదహారు కోట్ల దాకా పలికింది. 2021 జాతీయ విధానం కింద అరుదైన వ్యాధులకిచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. 2025 అక్టోబరులో మన హైదరాబాదు కంపెనీ నాట్కో, ఈ వ్యాధికి వాడే రిస్డిప్లామ్ మందు సీసాను 15,900 రూపాయలకు తెచ్చింది. బెంగళూరులో జన్యు పరీక్షలున్నాయి, పిల్లల వైద్యులున్నారు. బాగేపల్లి నుంచి పెద్దరోడ్డెక్కితే వంద కిలోమీటర్లే!

కానీ, అయ్యో, "వాళ్ళ నాయన కూడా ఆలస్యంగానే మెడ నిలిపినాడు, ఊరుకోమ్మా" అన్న ఓదార్పులోనే నెలలు జారిపోతాయి. చచ్చిన నాడీకణాన్ని ఏ మందూ బతికించదు. బతికున్నవాటినే కాపాడుతుంది. లక్షణాలు కనపడకముందే మొదలుపెట్టిన బిడ్డలకే మేలు ఎక్కువ.

అందుకే ఈ శోకం ఊరికే కారిపోకూడదు. పెళ్ళిచూపుల్లో జాతకాలతోపాటు ఈ జన్యులోపం తేల్చే రక్తపరీక్షనూ అడగండి. పుట్టిన ప్రతి పసికందుకూ మడమ నుంచి తీసిన చుక్క రక్తంతో ఈ వ్యాధి పరీక్ష చేయమని సర్కారును నిలదీయండి. మెడ నిలవని బిడ్డను చూసిన ఆశా అక్కా, అంగన్‌వాడీ టీచరమ్మా, "పెద్దయ్యాక సరిపోతుందిలే" అనకండి. ఆ వారమే బెంగళూరు బస్సెక్కించండి!